ముందే తెలిస్తే ప్రయాణం తేలిక

1943లో అమెరికాలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు పదకొండు మంది పిల్లల గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. ఆటిజం గురించిన వైద్య చర్చకు అది పునాది వేసింది. ఆ పదకొండు మందిలో మొదటివాడు మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరి పిల్లవాడు డోనాల్డ్ ట్రిప్లెట్. అన్నీ ఎప్పటిలాగే ఉండాలన్న పట్టుదల ఈ పిల్లల్లో చాలా ఎక్కువని, చిన్న మార్పుకే తల్లడిల్లిపోతారని కానర్ రాశాడు. ఆ డోనాల్డే పెద్దయ్యాక సొంత ఊళ్ళో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ 36 దేశాలు చూశాడు. ఇస్తాంబుల్‌కు అయిదుసార్లు, హవాయికి 17 సార్లు వెళ్ళాడు. ఆయన జీవితం గురించి 2010లో ‘ది అట్లాంటిక్’ పత్రికలో వచ్చిన సుదీర్ఘ కథనం ఈ లెక్కలతో పాటు ఇంకో సంగతి కూడా చెప్పింది: ఎక్కడికి వెళ్ళినా ఆరు రోజులు దాటకుండా ఇంటికి తిరిగొచ్చేసేవాడు.

మార్పంటే బెదిరే మనసుకు ప్రయాణం పడదని చాలామంది నమ్మకం. ఆటిజం ఉన్న పిల్లలున్న ఇళ్ళలో వేసవి సెలవులకైనా, దసరాకైనా “ఈసారికి వద్దులే” అనే మాట వినిపించేది అందుకే. డోనాల్డ్ జీవితం ఆ నమ్మకాన్ని సరిదిద్దుతుంది. ఎన్నాళ్ళుంటామో, ఎప్పుడు తిరిగొస్తామో ఖాయంగా తెలిసినప్పుడు ఊళ్ళు తిరగడం ఆయనకు ఇష్టమైన పనే అయింది.

వైద్యం, రవాణా, గుళ్ళు, చుట్టాలిళ్ళు, చట్టం, ఇలా ఏ వైపు నుంచి చూసినా తేలేది ఇదే: ఈ పిల్లల్ని కొత్త చోటు కన్నా, తర్వాత ఏం జరుగుతుందో తెలియకపోవడమే ఎక్కువ బాధిస్తుంది. ముందే తెలియజెప్పే పనిలో సగం తల్లిదండ్రుల చేతిలో ఉంది. రమ్మని పిలిచే రైళ్ళు, గుళ్ళు, హోటళ్ళు, పర్యాటక శాఖలు మిగతా సగం చేయాలి. మన దగ్గర ఆ రెండో సగం ఇంకా సరిగా మొదలుకాలేదు.

మారాం వేరు, మెల్ట్‌డౌన్ వేరు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అంచనా ప్రకారం ప్రతి 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. ఏ ఇద్దరూ ఒకలా ఉండరు. కొందరు గలగలా మాట్లాడతారు, కొందరికి మాటలే రావు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన నిర్ధారణ గ్రంథం అయిదో కూర్పులో ఇంద్రియాల తేడాను కూడా లక్షణాల్లో చేర్చింది. శబ్దం, వెలుతురు, వాసన, స్పర్శ కొందరికి భరించలేనంతగా తగులుతాయి, ఇంకొందరికి చాలీచాలనట్టు ఉంటాయి. ప్రయాణాల విషయంలో అన్నిటికన్నా ముందు అర్థం చేసుకోవలసింది ఇది.

పండగ ముందు రోజు ఏ పెద్ద బస్టాండులోనైనా కాసేపు నిలబడి చూడండి. హారన్లు, మైకులో ఆగని ప్రకటనలు, డీజిల్ పొగ, మరుగుదొడ్ల వాసన, భుజాలు రాసుకుంటూ పోయే జనం. కాసేపటికి మన చెవి, ముక్కు వాటిని పట్టించుకోవడం మానేస్తాయి. ఈ పిల్లల్లో చాలామందికి ఆ సౌకర్యం లేదు. అన్నీ ఒకేసారి, ఒకే తీవ్రతతో మీద పడతాయి. చెవులు మూసుకోవడం, ముందుకూ వెనక్కూ ఊగడం, చేతులు ఆడించడం ఆ తాకిడిని తట్టుకోవడానికి వాళ్ళు వెతుక్కున్న దారులు. అవి కూడా చాలకపోతే మెల్ట్‌డౌన్ వస్తుంది.

చూసేవాళ్ళకు అది మారాంలాగే కనిపిస్తుంది. మారాం చేసే పిల్లవాడు అడిగింది చేతికొస్తే ఊరుకుంటాడు. మెల్ట్‌డౌన్‌లో ఉన్న పిల్లవాడు ఏదో కావాలని ఏడవడం లేదు, కాబట్టి ఇచ్చి ఊరుకోబెట్టడానికి ఏమీ ఉండదు. తిట్టినా బతిమాలినా వాడికి అది ఇంకో శబ్దమే. జనం లేని మూలకు తీసుకెళ్ళి, మాటలు తగ్గించి, పక్కన కూర్చుంటే అదే నెమ్మదిస్తుంది. ఆ పది నిమిషాల్లో తల్లిదండ్రులకు ఎక్కువ కష్టంగా ఉండేది చుట్టూ ఉన్నవాళ్ళ చూపులు, ఉచిత సలహాలు.

అలవాటు చేయాలా, ఇంట్లోనే ఉండాలా

ఇళ్ళల్లో రెండు వాదాలు నడుస్తుంటాయి. “నలుగురిలో తిప్పితేనే అలవాటవుతుంది, మీరే ముడుచుకుని కూర్చోబెడుతున్నారు” అని తాతయ్యలు, నానమ్మలు అంటారు. “మీరు రెండు గంటలు చూస్తారు, రాత్రంతా మేం పడాలి” అని తల్లి అంటుంది. ఇద్దరి మాటలోనూ నిజముంది.

ఇంట్లోనే ఉండిపోతే పిల్లల లోకం నానాటికీ కుంచించుకుపోతుంది. ఆ నష్టం వాళ్ళ ఒక్కరితో ఆగదు. తోబుట్టువులకు సముద్రం, కొండలు, బంధువుల ఊళ్ళు దూరమవుతాయి. లేదంటే నాన్న పెద్దమ్మాయిని తీసుకెళ్తాడు, అమ్మ చిన్నవాడితో ఇంట్లో ఉంటుంది. ఒకటి రెండుసార్లు ఇది సర్దుబాటు. ఏళ్ళ తరబడి సాగితే ఆ కుటుంబంలో అందరూ కలిసి ఉన్న ఫొటో కూడా మిగలదు.

అలాగని సిద్ధం చేయకుండా జనంలోకి తోస్తే అలవాటు అవదు, భయం గట్టిపడుతుంది. ఒక్కసారి హడలిపోయిన పిల్లవాడు రెండోసారి రైల్వే స్టేషన్ గేటు దగ్గరే కూలబడతాడు. థెరపిస్టులు చెప్పే మధ్యేమార్గం మెట్లు మెట్లుగా పోవడం. ముందు ఊళ్ళోనే ఒక పార్కు, తర్వాత గంటసేపు రైలు ప్రయాణం చేసి రావడం, ఆ తర్వాత ఒక రాత్రి బయట నిద్ర. నాలుగు రోజుల్లో ఎనిమిది చోట్లు చూపించే ప్యాకేజీ టూరు ఈ పిల్లలకు నప్పదు. ఒకే ఊరు, ఒకే గది, పొద్దున ఒక్క చోటు చూసి మధ్యాహ్నానికి గదికి చేరడం నప్పుతుంది. మొదటి అడుగులోనే వాడు తట్టుకోలేకపోతే తిరిగొచ్చే బండి కూడా మన చేతిలో ఉండాలి.

బొమ్మల పుస్తకం చేసే పని

కొత్త సందర్భాన్ని చిన్న కథలా రాసి పిల్లలకు ముందే చెప్పే పద్ధతిని అమెరికా ఉపాధ్యాయురాలు కరోల్ గ్రే 1990ల మొదట్లో ‘సోషల్ స్టోరీస్’ పేరుతో వాడుకలోకి తెచ్చింది. ఇప్పుడు మన థెరపీ కేంద్రాల్లోనూ ఇది మామూలే. ప్రయాణానికి దీన్ని మించిన సాధనం లేదు. ఫోన్‌లో ఫొటోలు, నాలుగు కాగితాలు, ఒక స్టేప్లర్ ఉంటే చాలు.

అరకు ప్రయాణాన్నే తీసుకుందాం. విశాఖపట్నం నుంచి వెళ్ళే రైలుకు 2017 ఏప్రిల్‌లో అద్దాల విస్టాడోమ్ పెట్టె జతచేశారు. అది నడిచే కొత్తవలస–కిరండూల్ మార్గంలో 58 సొరంగాలున్నాయి. సొరంగం రాగానే పెట్టె చీకటవుతుంది. చిన్నా పెద్దా ఒక్కసారిగా కేకలు, ఈలలు. తెలియని పిల్లవాడికి అది పిడుగుపాటే. కాబట్టి పుస్తకం మొదటి పేజీలో మన సూట్‌కేసు, రెండో పేజీలో స్టేషన్, మూడో పేజీలో సీటు నంబరు. నాలుగో పేజీ అంతా నలుపు. దాని కింద: “సొరంగం వస్తుంది. చీకటి అవుతుంది. అందరూ అరుస్తారు. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాను. మళ్ళీ వెలుగు వస్తుంది.” దాటిన ప్రతి సొరంగానికీ టిక్కు పెట్టడానికి ఒక గళ్ళ కాగితం. అంకెలు, వరసలు ఇష్టపడే పిల్లలకు ఆ కాగితంతో సొరంగాలే ప్రయాణంలో మంచి భాగం కావచ్చు. చివరి పేజీలో తప్పకుండా ఇంట్లో వాడి సొంత మంచం ఫొటో. తిరిగొస్తామన్న హామీ అది.

పుస్తకంలో రాసిందేదీ తప్పకూడదు. తెలియనివి ఉంటే తెలియవనే రాయాలి. ఇబ్బంది పెట్టేవి కూడా దాచకూడదు: “బొర్రా గుహల్లో మెట్లు ఎక్కువ. గబ్బిలాల వాసన వస్తుంది. నచ్చకపోతే బయటికి వచ్చేస్తాం.” వద్దని చెప్పే దారి పిల్లవాడికి ఒకటి ఉండాలి. మాటలు రాని పాపకు ఎర్ర కార్డు చూపడం నేర్పవచ్చు. చూపిన ప్రతిసారీ పెద్దలు ఆ కార్డును గౌరవించాలి.

తిండి, నిద్ర కూడా ఇందులో భాగమే. చాలామంది పిల్లలు నాలుగైదు రకాలకు మించి తినరు. పెరుగన్నం తినేవాడికి హోటల్ పెరుగు పులుపు తేడా వెంటనే తెలిసిపోతుంది. చిన్న రైస్ కుక్కర్, ఇంటి బియ్యం, రోజూ తినే బిస్కెట్లు వెంట ఉంటే సగం గొడవ తగ్గుతుంది. పాత దుప్పటి, తలగడ గలీబు ఉతక్కుండా తీసుకెళ్ళమని అనుభవమున్న తల్లులు చెబుతారు. ఆ వాసన ఉంటేనే పిల్లవాడికి నిద్ర పడుతుంది.

రైలు, విమానం

రైల్వే శాఖ 2023 మార్చిలో ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం దివ్యాంగులకు, వెంట వచ్చేవారికి స్లీపర్ తరగతిలో రెండు కింది, రెండు మధ్య బెర్తులు, థర్డ్ ఏసీలో ఒక కింది, ఒక మధ్య బెర్తు కేటాయించారు. తోడు లేకుండా ప్రయాణించలేని మేధో వైకల్యం ఉన్నవారికి, తోడు వెళ్ళేవారికి ఛార్జీలో రాయితీ ఉంది. ధ్రువపత్రంలో ఏ వైకల్యం పేరు రాసి ఉందో దానిమీదే అది ఆధారపడుతుంది కాబట్టి టికెట్ తీయకముందే చూసుకోవాలి.

రాయితీ కన్నా ఖాయమైన సీటు ముఖ్యం. చార్టు పడేదాకా బెర్తు తేలకపోవడం పెద్దలకు చికాకైతే, ఈ పిల్లలకు నరకం. రైలెక్కాక “అమ్మా, కాస్త పై బెర్తుకి మారతారా” అని అడగడం మన దగ్గర మామూలు మర్యాదే. వారం రోజులుగా 23 అనే అంకెను బొమ్మల పుస్తకంలో చూస్తున్న పిల్లవాడికి 23 తప్ప ఇంకేదీ సీటు కాదు. కాదన్న తల్లిని మొండిమనిషి అనుకోకుండా ఉంటే అదే తోటి ప్రయాణికులు చేసే సాయం.

విమానంలో కష్టం తనిఖీ దగ్గరే మొదలవుతుంది. అంతసేపూ చేతిలో ఉన్న ట్యాబ్‌ను ట్రేలో పెట్టమంటారు. అది యంత్రంలోకి మాయమవుతుంది. అవతల వైపు బయటికొస్తుందని పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు. అదే క్షణంలో తెలియని మనిషి ఒళ్ళు తడిమి చూస్తాడు. ఈ రెంటినీ ఇంట్లోనే ఆటలా చేయించవచ్చు. టికెట్ తీసేటప్పుడు, లేదా కనీసం 48 గంటల ముందు విమాన సంస్థకు విషయం చెప్పాలి. మేధో, వికాస వైకల్యాలున్న ప్రయాణికులకు విమానయాన రంగంలో ‘డీపీఎన్ఏ’ అనే కోడ్ ఉంది. దాన్ని టికెట్‌లో నమోదు చేయించుకుంటే సిబ్బందికి ముందే తెలుస్తుంది.

తెలియకపోతే ఏమవుతుందో 2022 మే నెలలో రాంచీ విమానాశ్రయంలో దేశమంతా చూసింది. హైదరాబాద్ విమానం ఎక్కాల్సిన ఒక దివ్యాంగ బాలుడు గాభరాగా ఉన్నాడని సిబ్బంది ఎక్కనివ్వలేదు. పౌర విమానయాన డైరెక్టరేట్ ఆ విమాన సంస్థకు 5 లక్షల రూపాయల జరిమానా వేసింది. అదే ఏడాది జులైలో నిబంధన మార్చింది. దాని ప్రకారం వైకల్యం కారణంగా ఎవరినీ నిరాకరించకూడదు. ప్రయాణంలో ఆరోగ్యం దెబ్బతినవచ్చని అనుమానం వస్తే సిబ్బంది తమంతట తామే తేల్చకుండా వైద్యుడితో పరీక్ష చేయించాలి. ఈ నిబంధన తెలిసి ఉండటం ప్రతి కుటుంబానికీ అవసరం.

మొక్కు తీర్చుకోవడం

తెలుగు కుటుంబం ప్రయాణం అంటే చాలావరకు గుడే. అందులో తిరుమల మొదటిది. ఘాట్ రోడ్డు మలుపులు, వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో ఎంతసేపో తెలియని నిరీక్షణ, లోపల తోపులాట, “గోవిందా” నాదం, ఆపైన ఒక్క క్షణం దర్శనం. వృద్ధులకు, దివ్యాంగులకు దేవస్థానం ఆన్‌లైన్‌లో విడిగా కోటా ఇస్తోంది. ఏ పత్రాలు కావాలో ముందే చూసుకుని ఆ దారిలో వెళ్ళడం మేలు.

కల్యాణకట్ట ఇంకో పరీక్ష. మామూలు క్షవరానికే ఇంటిల్లిపాదీ పట్టుకోవలసిన పిల్లవాడు అక్కడ తడి తల మీద కత్తి గీతను, తెలియని చేతిని, చుట్టుపక్కల పిల్లల ఏడుపులను ఒకేసారి భరించాలి. ఆడవాళ్ళు మూడు కత్తెర్లిచ్చి మొక్కు తీర్చుకోవడం ఉన్నదే. పిల్లవాడికీ అలాగే చేయవచ్చు, నాన్నే వాడి తరఫున గుండు చేయించుకోవచ్చు. బిడ్డ బాగుండాలని మొక్కుకున్న మొక్కు ఆ బిడ్డనే హింసపెట్టి తీర్చనక్కర్లేదు.

నీళ్ళు, తలుపులు

ఒక్క విషయంలో మాత్రం రాజీ పడకూడదు. 2012లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో వచ్చిన అమెరికా సర్వేలో ఆటిజం ఉన్న 1,218 మంది పిల్లల తల్లిదండ్రులను అడిగితే, నాలుగేళ్ళు దాటాక ఒక్కసారైనా చెప్పకుండా వెళ్ళిపోవడానికి ప్రయత్నించినవాళ్ళు 49 శాతం అని తేలింది. వెళ్ళినవాళ్ళకు ప్రధాన ప్రమాదాలు రోడ్డు మీద బండ్లు, నీళ్ళు. ఈ పిల్లల్లో చాలామందికి నీళ్ళంటే ప్రాణం, లోతు మాత్రం తెలియదు.

కాబట్టి విశాఖ ఆర్కే బీచ్‌కైనా, బాపట్ల సూర్యలంకకైనా, గోదావరి రేవుకైనా వెళ్తే “ఇప్పుడు చూసే బాధ్యత నాది” అని ఒక పెద్ద మనిషి పైకి చెప్పి తీసుకోవాలి. అందరూ చూస్తున్నారనుకున్నప్పుడే ఎవరూ చూడరు. హోటల్ గది తీసుకునేటప్పుడు తలుపు గడియ ఎంత ఎత్తులో ఉంది, బాల్కనీ ఉందా, స్విమ్మింగ్ పూల్ ఎంత దూరం అని అడగాలి. పిల్లవాడి చొక్కా లోపలో, చేతి పట్టీ మీదో ఫోన్ నంబరు, “నాకు ఆటిజం ఉంది, మాట్లాడలేను” అన్న వాక్యం తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఉండాలి. ఆ రోజు పొద్దున వేసుకున్న బట్టలతో ఒక ఫొటో తీసి పెట్టుకుంటే, తప్పిపోయినప్పుడు వెతకడం సులువు.

చుట్టాలిల్లు

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండే తెలుగు కుటుంబాలకు సెలవంటే ఇండియా ప్రయాణం. అమెరికా నుంచైతే ఇరవై గంటలకు పైగా దారి, తలకిందులైన నిద్ర. ఎక్కడి నుంచి వచ్చినా దిగేసరికి ఇంటినిండా చుట్టాలు. ప్రేమతోనే బుగ్గలు గిల్లుతారు, ఒళ్ళోకి లాక్కుంటారు, “అత్తకి హాయ్ చెప్పు” అని పదేపదే అడుగుతారు. ఆ వెంటనే “మా వాడూ నాలుగేళ్ళ దాకా మాట్లాడలేదు”, “గట్టిగా ఒకటేస్తే దారికొస్తాడు” అన్న మాటలు మొదలవుతాయి. తల్లి ముఖం చిన్నబోయేది అక్కడే.

ఇక్కడ సిద్ధం కావలసింది పెద్దలే. బయల్దేరకముందే వాళ్ళకు నాలుగు మాటలు రాసి పంపవచ్చు: ముట్టుకునే ముందు ఆగండి, పలకకపోతే నొచ్చుకోకండి, వాడు ఊగుతుంటే ఊగనివ్వండి, ఫలానా గది వాడికి వదిలేయండి. తలుపు వేసుకోగలిగిన ఒక్క గది దొరికితే పండగ ఇల్లు కూడా ఆ పిల్లవాడికి ఉండదగ్గ చోటే. ఈ పని అమ్మమ్మ తన చేతిలోకి తీసుకున్న ఇళ్ళలో మిగతావాళ్ళు మారు మాట్లాడరు.

బయట ఏం చేస్తున్నారు, ఇక్కడ ఏం కావాలి

2016లో లండన్ గాట్విక్ విమానాశ్రయం పైకి కనిపించని వైకల్యాలున్నవారి కోసం పొద్దుతిరుగుడు పూల బొమ్మలున్న ఆకుపచ్చ మెడపట్టీని ప్రవేశపెట్టింది. అది వేసుకున్నవారికి కాస్త ఎక్కువ సమయం, ఓపిక అవసరమని సిబ్బందికి అర్థమవుతుంది. ఢిల్లీ, బెంగళూరు విమానాశ్రయాలు కూడా ఆ పద్ధతిలో చేరాయి. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విమానాశ్రయంలో 2019లో తెరిచిన నిశ్శబ్ద గదిలో విమానం లోపలి భాగం నమూనా పెట్టారు. పిల్లలు అసలు విమానం ఎక్కేముందు అందులో కూర్చుని చూడవచ్చు. డిస్నీ పార్కుల్లో ఈ పిల్లలు వరసలో నిలబడకుండా, తమ వంతు వచ్చే సమయం తెలుసుకుని అప్పటిదాకా వేరే చోట ఉండవచ్చు. 2019లో అరిజోనాలోని మీసా ‘ఆటిజం ధ్రువీకృత నగరం’గా, 2025లో దుబాయ్ ‘ఆటిజం గమ్యస్థానం’గా ధ్రువీకరణ పొందాయి. ఆ పత్రాలిచ్చేది ఒక ప్రైవేటు సంస్థ, అందుకు శిక్షణ పొందేది సిబ్బంది. పత్రం గోడ మీద ఉన్నంత మాత్రాన గేటు దగ్గరి మనిషికి ఓపిక ఉంటుందని చెప్పలేం. అయినా వీటన్నిటిలో సారం ఒకటే: ఏం జరగబోతోందో ముందే చెప్పడం, తట్టుకోలేనప్పుడు కూర్చోవడానికి ఒక చోటు చూపడం.

మన చట్టం ఇందులో వెనకబడి లేదు. 1995 నాటి చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. 2016 చట్టం గుర్తించిన 21లో ఉంది. ధ్రువీకరణకు వాడే భారతీయ కొలమానం ‘ఐఎస్ఏఏ’ను సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థే తయారుచేసింది. వినోదంలో, సాంస్కృతిక జీవితంలో సమానంగా పాల్గొనే హక్కుకు ఆ చట్టంలో విడిగా ఒక సెక్షన్ ఉంది. 2024 నవంబర్ 8న రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు, దివ్యాంగులకు అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగలకూడదని, తప్పనిసరి చేయాలని తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు ఆధారంగా నిలిచిన అధ్యయనం హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయానిది.

అయినా అందుబాటు అనగానే మన అధికారులకు గుర్తొచ్చేది ర్యాంపు, వీల్‌చైర్. చక్రాల కుర్చీకి ర్యాంపు ఎలాగో ఈ పిల్లలకు ముందస్తు సమాచారం అలాగ. దానికి సిమెంటు కూడా అక్కర్లేదు. గేటు ఎక్కడ, వరస ఎంత, ఎక్కడ చీకటి, ఎక్కడ మైకు, కాసేపు కూర్చునే చోటు ఎక్కడ అని ఫొటోలతో తెలుగులో ఒక్క పేజీ ఏ పర్యాటక కేంద్రమైనా ఈ ఏడాదే పెట్టగలదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం చుట్టూ ప్రతి గంటకూ జనం మూగుతారు. ఆ సంగతి ముందే తెలిస్తే ఒక కుటుంబం దానికోసమే వెళ్తుంది, ఇంకో కుటుంబం ఆ పది నిమిషాలు వేరే గదిలో ఉంటుంది. పాపికొండల లాంచీల్లో వారానికి ఒక్కటైనా డీజే పాటలు లేకుండా నడపవచ్చు. పెద్ద గుళ్ళలో క్యూ పక్కన తలుపున్న ఒక చిన్న గది ఇవ్వవచ్చు.

తల్లిదండ్రులు తమ సగం పని ఎప్పటి నుంచో చేస్తున్నారు. కత్తిరించిన ఫొటోలతో, మూటగట్టిన బియ్యంతో, ముందే రాసుకున్న సంజాయిషీలతో బయల్దేరుతున్నారు. దేవాదాయ శాఖ, పర్యాటక శాఖ, ఆర్టీసీ, రైల్వే తమ వంతు ఆ ఒక్క పేజీతో మొదలుపెట్టాలి. ఆ పేజీ ఎలా ఉండాలో ఈ పిల్లల తల్లుల్ని అడిగితే ఒక్క మధ్యాహ్నంలో రాసిస్తారు.